స్మాషర్ సామి డిగ్ నేర్చుకున్న సంగతి

2016 జూన్‌లో నన్ను ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు ఆనుకొని ఉన్న ఒక పల్లె ఉన్నత పాఠశాలకు బదిలీ చేశారు. హోదా స్కూల్ అసిస్టెంట్, వ్యాయామ విద్య. కాగితం మీద అంత పొడుగున్నా ఊళ్లో నేను డ్రిల్లు సారును, తోటి ఉద్యోగులకు పీడీని. మాది అర్చకుల ఇల్లు కనుక దగ్గరివాళ్లకు సామిని. అప్పటికి నాకు యాభై మూడేళ్లు. వాలీబాల్‌లో నా స్మాష్‌కు ఎదురు నిలిచిన మొనగాడు జిల్లాలో లేడు.

ఈ చివరి మాటను కొంచెం సర్దాలి. కాలేజీ జట్టులో నేను ఏడోవాణ్ణి. వాలీబాల్‌లో మైదానంలో ఉండేది ఆరుగురు. ఎవడికైనా కాలు బెణికితే లోపలికి పోయి నెట్ దగ్గర ఎగిరి రెండు స్మాష్‌లు కొట్టి వచ్చేవాణ్ణి. వాటిలో ఒకటి గీత లోపల పడేది. కాబట్టి నా స్మాష్‌కు ఎదురు నిలిచినవాడు లేడన్నది నిజమే. నిలిచే అవకాశం ఎవరికీ రాలేదు.

ఆట తెలియనివారికి ఒక మాట. నెట్ అవతలి నుంచి దూసుకొచ్చే స్మాష్‌ను నేల తాకనీయకుండా రెండు ముంజేతుల మీద తీసుకొని, మన జట్టులో బంతి అమర్చేవాడికి అందేలా పైకి లేపడాన్ని డిగ్ అంటారు. జనం చప్పట్లు కొట్టేది స్మాష్‌కే. కానీ ఎదుటివాడు కొట్టిన బంతి ముందు లేస్తేనే మనం తిరిగి కొట్టగలం. ఈ సంగతి పుస్తకంలో చదివి పిల్లలకు ముప్పై ఏళ్లుగా చెబుతూ వచ్చాను. చెప్పడమే. నేను చేసి ఎరగను.

జూలైలో మా జోను వ్యాయామ ఉపాధ్యాయుల సమావేశం జమ్మలమడుగులో జరిగింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల మండలాలన్నీ ఆటల లెక్కలో మాకు ఒక జోను. బడుల నుంచి బాలికలను ఎంపిక చేసి, ఒకచోట శిక్షణ శిబిరం పెట్టి, ఆ జట్టును జిల్లా పోటీలకు పంపాలి. శిబిరం ఎక్కడ పెట్టాలన్నది ఆ రోజు తేల్చవలసిన విషయం. పులివెందుల పీడీ చెన్నకేశవులు మంచి మైదానం ఉందని తన బడికే అడిగాడు.

"మన ఆడపిల్లోళ్లకు కొట్టేది వస్తాది, ఎత్తేది రాదు. అవతల్నుంచి బంతి వస్తానే కండ్లు మూసుకుంటారు. డిగ్ నేర్పించేటోడు యాడుండాడు చెప్పండి?" అన్నాడు. అని, నా వైపు చూసి నవ్వాడు.

నేను లేచి నిలబడ్డాను. "డిగ్ ఏముందప్పా? బెంగళూరు క్యాంపులో నేర్చుకోనుండా. శిబిరం మా బడిలో పెట్టండి, నేనే నేర్పిస్తా" అన్నాను.

మా బడిలో లక్ష్మీదేవి అని తొమ్మిదో తరగతి పిల్ల ఉండేది. పొడగరి, బంతి కోసం గోడలు కూడా దూకే రకం. వాళ్ల నాయన పత్తి రైతు. ఆయన నాతో ముందే చెప్పేశాడు: "జమ్మలమడుగు దాంకా అయితే పంపుతా సార్. పులివెందుల అంటే నావల్ల కాదు. పొద్దుగూకినాక ఆడినుంచి బస్సు యాడుంటాది?" ముద్దనూరు మీదుగా పోయి రావాలి, ఆయన భయంలో తప్పు లేదు. శిబిరం పులివెందులకు పోతే లక్ష్మీదేవితో పాటు మా పిల్లలందరికీ జోను జట్టు ఆశ పోయినట్లే. ఆ పిల్లల కోసమే అబద్ధమాడానని రాస్తే ఎంత గౌరవంగా ఉంటుందో నాకు తెలుసు. నిజం ఏమిటంటే, చెన్నకేశవులు నవ్వాడు కాబట్టి ఆడాను. పిల్లల సంగతి మళ్లీ కుర్చీలో కూర్చున్నాక గుర్తుకొచ్చింది.

బెంగళూరు సంగతి కూడా చెప్పేస్తాను. మా మేనత్త కొడుకు పెండ్లికి పోయాను. కల్యాణ మంటపం పక్క మైదానంలో కుర్రాళ్లు వాలీబాల్ ఆడుతుంటే కిటికీలోంచి చూశాను. భోజనానికి పిలిచేదాకా చూశాను.

జోను కార్యదర్శిని మేమందరం పెద్దసార్ అనేవాళ్లం. తక్కువ మాట్లాడే మనిషి. ఆయన చేతిలోని కాగితాన్ని మడిచి, "సంతోషం సామీ. వచ్చే నెల పులివెందులలో అందరం కూడతాం. బల్ల మీదినుంచి చెన్నకేశవులు కొడతాడు, నువ్వు ఎత్తి చూపించు. నచ్చితే శిబిరం మీకాడ, లేదంటే పులివెందులలో" అన్నాడు.

బల్ల మీదినుంచి కొట్టడం శిక్షణలో ఒక పద్ధతి. కొట్టేవాడు నెట్ అవతల బల్లెక్కి నిలబడతాడు. ఎగరవలసిన పని లేదు కనుక బంతి వెంట బంతి, గురి తప్పకుండా కొడుతూనే ఉంటాడు. చెన్నకేశవులు మామూలుగా నిలబడితేనే ఆరడుగులు.

మర్నాడు తెల్లవారగానే ప్రొద్దుటూరు బస్సెక్కి మహబూబ్ బాషా ఇంటికి పోయాను. బాషా ప్రొద్దుటూరులో నా తోటి పీడీ, పాతికేళ్ల స్నేహితుడు. కుర్రతనంలో రాష్ట్ర జట్టులో వెనుక వరుసలో, అంటే డిగ్ చేసేవాళ్ల చోట, ఆడినవాడు. సంగతంతా విని ముందు ఒక పావుగంట నవ్వాడు. వాళ్లావిడను పిలిచి మళ్లీ మొదటినుంచి చెప్పించి మళ్లీ నవ్వాడు. ఆ తర్వాత, "రోజూ పొద్దున్నే రా సామీ. నేర్పిస్తా. కారం దోసె నీ లెక్క" అన్నాడు.

మొదటి పొద్దు బాషా మెల్లగా ఒక బంతి విసిరాడు. నేను రెండు అరచేతులూ దొప్పలాగా కలిపి పట్టాను. బంతి వేళ్లకు తగిలి ముక్కు మీదికొచ్చింది.

"సామీ, తీర్థం పోస్తాండారా ఈడ? చేతులు ఎందుకట్ల పడతాండావు?" అని అరిచాడు బాషా. చిన్నప్పటినుంచీ గుడిలో పట్టిన చేతులు, బంతి వచ్చినా తీర్థమే పట్టాయి. ఒక చేతి వేళ్లను ఇంకో చేతిలో పెట్టి, బొటనవేళ్లు పక్కపక్కన ఆనించి, మోచేతులు చాపి, మణికట్లు కిందికి దించాలి. అప్పుడు మణికట్టుకు పైన ముంజేతులు రెండూ కలిసి ఒక పలక అవుతాయి. బంతి పడవలసింది ఆ పలక మీద. ఇది నేను ఒక్క పూటలో నేర్చుకున్నాను. సరే, ఒక్క వారంలో.

రెండో తప్పు ఇంకా గట్టిది. బంతి వస్తుంటే చేతులు పైకి విసిరేవాణ్ణి. అది పోయి పక్క వీధిలో పడేది. "కొట్టాకు సామీ, రానీ. అది వచ్చే ఊపే శానా ఉంది. నువ్వు పలక పెట్టి ఊరికే ఉండు. ఊరికే ఉండేది కూడా రాదా నీకు?" అనేవాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో అంత కష్టమైన పని నాకెవరూ చెప్పలేదు.

అన్నిటికంటే కష్టం కాళ్లు. మోకాళ్లు మడిచి, పిరుదులు కిందికి దించి, మడమలు కొంచెం లేపి, కొట్టేవాడి భుజం చూస్తూ ముందే సిద్ధంగా ఉండాలి. నేను అట్లా దిగితే లేవడానికి బాషా చెయ్యి కావలసి వచ్చేది. చివరికి వాళ్లింట్లోనుంచి ఒక పొట్టి స్టూలు తెచ్చి నన్ను దానిమీద కూర్చోబెట్టాడు. కూర్చొనే బంతులు ఎత్తించాడు. బాగా కుదిరిందనుకున్న రోజున నేను లేవకముందే, చెప్పకుండా స్టూలు లాగేశాడు. కింద పడ్డాను. మర్నాడు మళ్లీ లాగాడు. పడలేదు. గాలిలో కూర్చున్నట్టు అట్లాగే ఉండిపోయాను. ఆ ఆనందంలో మైదానం చుట్టూ పరుగెత్తాను.

పరుగెత్తలేదు. నడిచాను. కానీ చప్పట్లు కొట్టుకుంటూ నడిచాను.

ఇంట్లో మా ఆవిడ నా ముంజేతులు చూసింది. "చేతులేంది అట్ల కందినాయి? యాడ తన్నులు తిన్నారు?" అని అడిగింది. పిల్లలకు డ్రిల్లు చెబుతుంటే అయిందన్నాను. "ముప్పై ఏండ్లుగా చెప్తాండారు, ఇన్నాళ్లూ కందలేదే" అని కొబ్బరినూనె గిన్నె ముందు పెట్టింది. రెండో వారానికి నా వాలకం చూసి చెప్పేసింది: "మీరేదో కొత్తగా నేర్చుకుంటాండారు. మొగంలో తెలుస్తాంది." ఇంకేమీ అడగలేదు.

పొద్దున ప్రొద్దుటూరులో నేర్చుకున్నది సాయంత్రం మా పిల్లలకు చెప్పేవాణ్ణి. మాది నల్లరేగడి మైదానం, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. ఒక రైతు ట్రాక్టరుతో పెన్నా ఇసుక తోలిస్తే కోర్టు వెనుక భాగమంతా పరిపించాను. తగ్గి నిలబడండి అని చెబితే పిల్లలందరూ ఒక్కసారిగా నడుము దగ్గర వంగారు. కాళ్లు నిటారుగా, తల కిందికి. సెలవు దినాల్లో పత్తి చేలల్లో కలుపు తీసే పిల్లలు కదా, తగ్గడమంటే వాళ్ల ఒంటికి తెలిసింది అదొక్కటే. తల నేలను చూస్తుంటే బంతి ఎక్కడ కనబడుతుంది? ఒక బంతి పోయి లక్ష్మీదేవి మాడు మీద పడింది.

"సార్, అది యాడినుంచి వచ్చినాది?" అంది తల రుద్దుకుంటూ.

"నెట్ అవతల్నుంచి. నువ్వు కలుపు చూస్తాంటివి" అన్నాను. పిల్లలందరూ ఇసుకలో పడి పడి నవ్వారు.

మర్నాడు ప్రయోగశాల నుంచి స్టూళ్లు బయటికి తెప్పించాను. సైన్సు టీచరమ్మ ఏమిటని అడిగితే వ్యాయామ విద్యలో కొత్త విధానమని చెప్పాను. పిల్లలను కూర్చోబెట్టి ఎత్తించాను, తర్వాత స్టూళ్లు తీసేశాను. నాకు వారాలు పట్టింది వాళ్లకు మూడు సాయంత్రాల్లో వచ్చింది. నడుములు లేచాయి, తలలు లేచాయి, కళ్లు బంతి మీదికొచ్చాయి. లక్ష్మీదేవి అయితే ఇసుకలోకి జారి మరీ ఎత్తేది, లేచి జడలో ఇసుక దులుపుకుంటూ ఇంకొకటి వేయమనేది. ఆ రోజుల్లో నేను బడికి పాటలు పాడుకుంటూ పోయేవాణ్ణి.

ఆగస్టులో పులివెందుల. మా పిల్లలను కూడా వెంట తీసుకుపోయాను. చూడ్డానికని వాళ్ల ఇళ్లల్లో చెప్పి, రాత్రికల్లా దింపుతానని మాటిచ్చాను. చెన్నకేశవులు బల్లెక్కాడు. పీడీలందరూ గీత చుట్టూ కుర్చీలేసుకున్నారు. బాషా పెద్దసార్ పక్కన కూర్చొని నా వైపు చూడకుండా పల్లీలు తింటున్నాడు.

నేను ఒకదాని తర్వాత ఒకటిగా అన్ని బంతులూ ఎత్తేశాను.

అట్లా జరిగి ఉంటే బాగుండేది. మొదటిది ఎత్తాను. బ్రహ్మాండంగా లేచింది, నేనే దాన్ని చూస్తూ ఉండిపోయాను. చూస్తుండగానే రెండోది పొట్టలో తగిలింది. మూడోదానికి కాళ్లు దిగాయి కానీ మళ్లీ లేవలేదు. అట్లాగే వెనక్కి కూలబడ్డాను. మైదానమంతా నవ్వు.

"బెంగళూరులో ఇట్లనే పడుకొని ఎత్తుతారా సామీ?" అన్నాడు చెన్నకేశవులు బల్ల మీదినుంచి.

నేను కిందనే కూర్చొని చెప్పేశాను. "బెంగళూరులో నేను తినింది పెండ్లి భోజనమప్పా. డిగ్ నేర్చుకుని నెల కూడా కాలేదు. నేర్పించినోడు ఆడ పల్లీలు తింటాండాడు." ఈసారి నవ్వు ఇంకా పెద్దది. నిజం చెప్పాలంటే నాకూ నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. పెద్దసార్ మాత్రం నవ్వలేదు. ఆయన చేతిలోని కాగితం విప్పడం కనబడింది. అందులో పులివెందుల పేరు రాస్తాడని అర్థమైంది. చేతులూని లేచాను.

"పెద్దసార్, నన్ను చూసి రాయొద్దు. నేను నేర్పించినోళ్లను చూసి రాయండి" అని లక్ష్మీదేవిని పిలిచాను.

ఆ పిల్ల చెప్పులు విడిచి వచ్చి వెనుక గీత దగ్గర నిలబడింది. కాళ్లు దిగాయి, తల లేచింది. చెన్నకేశవులు మొదట పిల్ల కదా అని మెల్లగా కొట్టాడు.

"గట్టిగా కొట్టండి సార్" అంది.

కొట్టాడు. ఎత్తింది. ఎడమకు కొట్టాడు, కాళ్లు ముందు పోయాయి, చేతులు తర్వాత వచ్చాయి, ఎత్తింది. చెన్నకేశవులు పందెం కోడికున్నంత పౌరుషంతో కొట్టడం మొదలుపెట్టాడు. ఆ మైదానంలో ఇసుక లేదు, గట్టి నేల. అయినా ఒక బంతికి అట్లాగే జారింది. మోచెయ్యి గీరుకుపోయింది, బంతి మాత్రం లేచి నెట్ ముందు అమర్చేవాడి చోటులో సరిగ్గా దిగింది. ఆ తర్వాత మా మిగతా పిల్లలు వరుసగా వచ్చారు. చివరికి చెన్నకేశవులే భుజం పట్టుకొని బల్ల దిగి, "యాబ్బా, వీళ్లకు అలుపే రాదా సామీ?" అన్నాడు.

పెద్దసార్ రాశాడు. శిబిరం మా బడికి వచ్చింది. శిక్షకుడిగా నా పేరు రాయలేదు, బాషా పేరు రాశాడు. నాకు సహాయకుడి హోదా ఇచ్చారు. అంటే బంతులకు గాలి పట్టడం, ఇసుక సవరించడం, పిల్లలను ఇళ్లకు చేర్చడం. మా జోను జట్టు జిల్లాలో కప్పు గెలిచిందని రాయాలని చెయ్యి లాగుతోంది. సెమీఫైనల్లో ఓడింది. లక్ష్మీదేవి మాత్రం జిల్లా జట్టుకు ఎంపికైంది. వెనుక వరుసలో.

ఆ అనుభవం నాకు నేర్పింది ఇంతే. డిగ్‌లో చేతులు చేసే పని తక్కువ. కాళ్లు ముందే దిగి ఉండాలి, కళ్లు ముందే చూసి ఉండాలి. పిల్ల ఒంటికి అప్పటికే ఏ పని అలవాటో కనుక్కోకుండా ఎట్లా నిలబడాలో చెబితే, అది ఆ పాత పద్ధతిలోనే నిలబడుతుంది. శిక్షకుడు ఆ తప్పును తన ఒంటి మీద ఒకసారి చేసి చూసి ఉంటే తొందరగా పట్టుకోగలడు. అందుకే పదవీ విరమణ చేసేదాకా కొత్త పిల్లలకు మొదటి నెలంతా నెట్ కట్టలేదు, కాళ్ల పని మాత్రమే చేయించాను. నెలంతా అన్నాను గానీ, మూడో వారానికి వాళ్లు గొడవ చేస్తే కట్టేసేవాణ్ణి.