డ్రైవింగ్ మాస్టారి లైసెన్సు

ఊళ్లో సగం మందికి డ్రైవింగ్ నేర్పింది నేనే. ఆ మాట చెప్పుకుని కాలర్ ఎగరేసేవాణ్ణి. ఇప్పుడు ఎవరైనా గుర్తుపడితే మొహం చాటేస్తున్నాను.

నా కొలువంతా పక్క సీట్లోనే. నేర్చుకునేవాళ్లు తడబడితే "బ్రేకు! బ్రేకు!" అని అరవడం నా పని. మొన్నామధ్య బావమరిది కారు నేనే నడుపుతూ మలుపు తిరిగాను. ఎదురుగా ఆగి ఉన్న వ్యాను. అలవాటు కొద్దీ గొంతు చించుకుని "బ్రేకు!" అని అరిచాను. ఎవరు తొక్కుతారు? తొక్కాల్సిన మహానుభావుణ్ణి నేనే.

వ్యాను మూతి పగిలింది. యజమాని దగ్గర లేకపోవడంతో నా నంబరు రాసి అద్దానికి అంటించి వచ్చాను. అదే నేను చేసిన ఆఖరి మంచి పని. కారుకి బీమా కట్టడం బావమరిది ఎప్పుడో మానేశాడు. రిపేరు ఖర్చు నా నెత్తిన పడింది. ఆ తర్వాత ఫోను ఎన్నిసార్లు మోగినా, నేను ఎత్తితే ఒట్టు.

చివరికి రవాణా ఆఫీసు నుంచి పిలుపు. బాకీ తీర్చాలి, లేదా వ్యాను యజమానిని వాయిదాలకు ఒప్పించాలి. రెండూ కాకపోతే లైసెన్సు సస్పెండ్. దాంతోపాటే ఉద్యోగమూ పోతుంది.

"వాయిదాలు మీకు కొత్తా?" అంది మా ఆవిడ. "ఇన్నాళ్లూ వేశారు. ఇక కట్టండి."

నేను మాత్రం అద్దం ముందు ప్రసంగం తయారుచేసుకున్నాను. తీరా వెళ్తే, ఆఫీసు వరండాలో బల్ల మీద రెండు పెద్ద మూటలతో కూర్చున్నావిడ దొరికితే, ఆవిడ మీదే ప్రయోగించాను.

"నేను డ్రైవింగ్ మాస్టర్నమ్మా. డబ్బున్నవాడు గుద్దితే చెక్కు పారేసి మళ్లీ స్టీరింగ్ పట్టుకుంటాడు. లేనివాడి లైసెన్సు లాక్కుంటే వాడు బాకీ ఎలా తీరుస్తాడు? వీళ్లు శిక్షించేది చెడ్డ డ్రైవింగ్‌నా, ఖాళీ జేబునా?"

"బాగా చెప్పారు. మరి గుద్దించుకున్నవాళ్ల సంగతో?"

"వాళ్లకేమమ్మా! వ్యాన్లున్న మారాజులు."

"మీరు గుద్దిన ఆ వ్యాను నాదే మాస్టారూ. డబ్బు కట్టందే షెడ్డువాడు వదలడు. కుట్టిన పరదాలు ఇళ్లకి చేర్చాలంటే ఈ మూటలు బస్సులో మోస్తున్నా. ఫోనెత్తితే అప్పుడే చెప్పేదాన్ని."

భూమి చీలితే బాగుండుననిపించింది. అదీ నా ఫోన్లాంటిదే, పలకలేదు.

లోపల అధికారి "ఏమైనా చెప్పుకుంటారా?" అన్నాడు.

"స్కూటర్ అమ్మేసి మొదటి వాయిదా షెడ్డులోనే కడతానండీ. మిగతాది నెలనెలా జీతంలోంచి" అని గొణిగాను.

"ఇందాక అంత గొంతేసుకుని అడిగారుగా, ఇక్కడేమైంది?" అని ఆవిడే అధికారివైపు తిరిగింది. "లైసెన్సు లాక్కుంటే ఈయన సంపాదనేంటి సార్? నా డబ్బు మీరిస్తారా?"

ఆయన ఒప్పందం కాగితం ముందుకు తోశాడు. ఆ ప్రశ్నకి జవాబు చట్టంలోనే లేదు, పాపం ఆయనేం చేస్తాడు!

ఆవిడ సంతకం పెట్టింది. "ఒక్క వాయిదా తప్పారో, లాక్కోమని నేనే వచ్చి చెప్తా."

బయటికొచ్చాక, పరువు కొంతైనా దక్కుతుందని పెద్ద మూట ఎత్తుకున్నాను. రెండోది కూడా నా భుజానికి తగిలించి ఆవిడ చేతులూపుకుంటూ ముందు నడిచింది.

"అడుగు సాగదేం మాస్టారూ? బస్సు పోతుంది, రండి."