విమానానికి బిందె పరీక్ష

పంతొమ్మిదివందల డెబ్బైల్లో మొదటిసారి విమానమెక్కడానికి గన్నవరం వెళ్లాను. మాది బెజవాడలో ఇత్తడి సామాన్ల కొట్టు. ఏ బిందెనైనా ఉంగరంతో కొట్టి, ఖంగుమంటేనే కొనే వంశం మాది. అలవాటుకొద్దీ మెట్ల పక్కన విమానం పొట్ట మీదా కొట్టాను. దబ్బుమంది.

"ఇదెక్కడో పగిలిందండీ. నేనెక్కను," అన్నాను.

అక్కడున్న ఇంజనీరు గారు నవ్వలేదు. "మేమూ రెక్కల్ని వణికించి, ఆ వణుకును మిషనుతో కొలుస్తామండీ. ఇదివరకటికి తేడా వస్తే పగులేమోనని వెతుకుతాం. దీన్ని మొన్ననే చూశాం, బాగుంది. మీరు కొట్టినచోట లోపల పెట్టెలున్నాయి. కొట్లో నీళ్లు నిండిన బిందెను కొట్టి చూస్తారా మీరు?"

మా నాన్న వినుంటే నన్ను గల్లాపెట్టె దగ్గరికి రానిచ్చేవాడు కాదు. అయినా ఊరికే ఒప్పుకోబుద్ధి కాలేదు.

"కిటికీ పక్క సీటిప్పిస్తే ఎక్కుతాను," అన్నాను.

ఆయన నా చేతిలోని బోర్డింగు కార్డు చూశారు. "మీకిచ్చింది అదేనండీ."

బేరం గెలిచినవాడిలాగే మెట్లెక్కాను.