వెల్లకిలా పడుకున్నవాడి పగ

నా గొంతు మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. ఇది మామూలు ఒట్టు కాదు. నా గొంతును డాక్టరు కోసి, కుట్టి, తిరిగి నాకిచ్చాడు. ఒకసారి కత్తిని చూసి వచ్చిన గొంతు అబద్ధం ఆడదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లోని మాట. సెల్‌ఫోన్లు ఇంకా పాటలు పాడటం మొదలుపెట్టలేదు. ఎవరి పరువైనా తీయాలంటే టేపురికార్డరు మోసుకురావాల్సిందే. మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, దాన్ని రేపల్లె నుంచి బాపట్ల దాకా బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. సన్నాయి రికార్డు చేసుకోవడానికి కాబోలు అనుకున్నాను.

పెళ్లి మా ఆవిడ చిన్నాన్న కొడుకుది. పిల్లది బాపట్ల. మగపెళ్లివారం కాబట్టి విడిదింట్లో దిగి, మధ్యాహ్నం భోజనాలయ్యాక మగవాళ్లమంతా జంపఖానా మీద వరసగా ఒరిగాం. నేను వెల్లకిలా పడుకున్నాను. పొట్ట పైకప్పును చూస్తూ ఉంటే తప్ప నాకు నిద్ర రాదు.

సాయంత్రం ఆడపెళ్లివారి పందిట్లో మైకు గరగరలాడింది. "సోదర సోదరీమణులారా, ఇప్పుడు మా బావగారి గాత్ర కచేరీ!" అన్నాడు మా బావమరిది. తరవాత వినబడింది నా గురక. బాపట్ల మొత్తం విన్నది. రైల్వేస్టేషన్లో జనం బండి వచ్చేస్తోందనుకుని సామాన్లు పట్టుకుని లేచి నిలబడ్డారు. వంటవాళ్లు గరిటెలు వదిలేసి నవ్వారు. మా మామగారు నవ్వారు. పెళ్లికూతురు తలవంచుకుని నవ్వింది. మా ఆవిడ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మిగతా నవ్వులన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు.

బావమరిది పరాచికానికి కోపం తెచ్చుకోకూడదు. ఆ వరసకు ఆ హక్కుంది. మొహం ముడుచుకున్నవాడే ఓడిపోయినట్టు. అందుకని నేనూ పళ్లన్నీ కనబడేలా నవ్వాను. నవ్వుతూనే లోపల అనుకున్నాను: ఇలాంటి పందిట్లోనే, ఇలాంటి మైకులోనే, నీ గురక. వాడూ వెల్లకిలా పడుకునేవాడే. పొట్ట విషయంలో నాకంటే ముందే ఉన్నాడు. అయితే అంతకంటే ముందు నా గురక పోవాలి. నేనూ గురక పెడుతూ వాడి టేపు వేస్తే ఇద్దరికీ చెల్లుకు చెల్లు అవుతుంది. అది పగ కాదు, రాజీ.

మా ఊరు తెనాలి తిరిగొచ్చాక మా ఆవిడ కదిపింది.

"మీరు గురక పెడుతుంటే నాకు బెంగ లేదండి. ఆపినప్పుడే భయం. ఊపిరి ఆగిపోతుంది. మళ్లీ తీసేదాకా లెక్కపెడుతూ కూర్చుంటాను."

"ఎందాకా వచ్చింది నీ లెక్క?"

"మొన్న ముప్పై దాటిందండి."

"మరి పందిట్లో నవ్వావు?"

"అందరూ నవ్వుతుంటే నవ్వాను. ఆగిన చోటు వాడి టేపులో పడలేదు. పడుంటే అక్కడే ఏడ్చేదాన్ని."

నాది మోటార్లకు రాగితీగ చుట్టే షాపు. ఎన్ని చుట్లో లెక్క తప్పకూడదు. ఆ ఏడాది పట్టపగలు, స్టూలు మీదే కునుకుపట్టి లెక్క తప్పేవాణ్ని. ఒకసారి నేను చుట్టిన మోటారు బావిలోంచి నీళ్లు తోడకుండా పొలంలో నీళ్లు తీసుకెళ్లి బావిలో పోస్తోందని చుండూరు నుంచి ఒక రైతు పోట్లాటకొచ్చాడు.

చెవి ముక్కు గొంతు డాక్టరు నోట్లోకి లైటు వేసి చూశాడు. "వెల్లకిలా పడుకోగానే నాలుక వెనక్కి జారి గాలి దారి మూసేస్తోందండి. పక్కకు తిరిగి పడుకోవాలి. బరువు తగ్గాలి. ముందు బనీను వీపు మీద జేబు కుట్టించి, అందులో బంతి పెట్టుకోండి. వెల్లకిలా తిరిగితే గుచ్చుకుంటుంది" అన్నాడు.

మా వీధి దర్జీ సాయిబు బనీనును అటూ ఇటూ తిప్పాడు. "వీపు మీద జేబేంటి బాబూ? దొంగలకి వీలుగానా?"

"బంతి పెట్టుకోడానికి భాయ్."

"ఈ వయసులో క్రికెట్టా? అదీ పడుకునా?"

అంటూనే గుండీ పెట్టి మరీ కుట్టిచ్చాడు. నాలుగు రోజులు బంతి గెలిచింది. అయిదో రోజు నా వీపు గెలిచింది. పొద్దున్నే చూస్తే జేబులో అప్పడం ఉంది.

తరవాత గుంటూరులో ఒంటినిండా వైర్లు అంటించి, పడుకోబెట్టి పరీక్ష చేశారు. మాటిమాటికీ ఊపిరి ఆగుతోందని తేలింది. ముక్కుకు తొడుక్కుని పడుకునే మిషను ఒకటి ఉందన్నాడు డాక్టరు. దానికి పొడుగాటి గొట్టం. నన్ను ఆ తొండంతో మా బావమరిది చూస్తే ఇంకేమన్నా ఉందా? వద్దన్నాను.

"అయితే ఆపరేషన్ అండి. ముక్కులో వంకర ఎముక సరిచేయాలి, టాన్సిల్స్ తీయాలి, కొండనాలుకను, దాని పక్కన వేలాడే మెత్తటి కండను కత్తిరించాలి. అందరికీ పూర్తిగా పోతుందని హామీ ఇవ్వలేను. రెండు వారాలు మాత్రం నరకం. భయం లేదా?"

"లేదండి. నాకు రేపల్లెలో ఒక పని మిగిలిపోయింది" అన్నాను.

నరకం అన్నది చిన్న మాట. గుటక వేస్తే గాజుపెంకులు దిగినట్టుండేది. తాగింది ముక్కులోంచి వచ్చేసేది. ఒకరోజు కాఫీ తాగితే ఎడమ ముక్కులోంచి డికాక్షను, కుడి ముక్కులోంచి పాలు విడివిడిగా వచ్చాయి. ప్రతి గుటకకూ మా బావమరిదిని తలుచుకున్నాను. దేవుణ్ని కూడా అంత నిష్ఠగా తలుచుకుని ఎరగను.

వాడే ఐస్‌క్రీం డబ్బాతో పరామర్శకొచ్చాడు. "ఏంటి బావా, ఇంజను షెడ్డుకెళ్లిందంటగా?"

మాట రాదు కదా, పలక తీసుకుని రాశాను: "తరవాతి బండి నీదే." వాడు చదివి పడీపడీ నవ్వాడు. వాళ్లక్క పెట్టిన భోజనం దండిగా చేసి, నా మంచం మీదే వెల్లకిలా వాలిపోయాడు. షాపులో పాటలకు పెట్టుకున్న టేపురికార్డరు తెచ్చి వాడి తలదగ్గర పెట్టి మీట నొక్కాను. అరగంట. వాడు వెళ్లాక మొదట్లో కాస్త విని, గురక పడిందని చూసుకుని, మిగతాది వినకుండానే బీరువాలో పెట్టి తాళం వేశాను.

నెల తిరిగేసరికి నా గురక పిల్లి గురగురలోకి దిగింది. మా ఆవిడ లెక్కపెట్టడం మానేసి నిద్రపోవడం మొదలెట్టింది.

నెలన్నరకు రేపల్లెలో వాడి గృహప్రవేశం. మధ్యాహ్నం భోజనాల బంతులు సాగుతున్నాయి. మైకు అబ్బాయిని పక్కకు జరిపి అందుకున్నాను. "సోదర సోదరీమణులారా, ఇప్పుడు మా బావమరిది గాత్ర కచేరీ!"

గురక లేచింది. విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లు పొలమారేలా నవ్వారు. వాడూ నవ్వాడు. నవ్వక చస్తాడా! ఆ నవ్వు నవ్వితే ఎక్కడ నొప్పి పుడుతుందో నాకు తెలుసు. ఆంప్లిఫయర్ మీద చెయ్యేసి తనివితీరా చూశాను.

ఉన్నట్టుండి గురక ఆగింది. మైకులో గుయ్యిమన్న శబ్దం తప్ప ఏమీ లేదు. చుట్లు లెక్కపెట్టే అలవాటు కదా, నా నోరు దానంతటదే లెక్కపెట్టింది. పది. ఇరవై. వాడి భార్య సాంబారు బకెట్టుతో ఉన్నచోటే నిలబడిపోయింది. ముప్పై. మా ఆవిడ నా వైపు చూసింది.

"టేపు ఆగిపోయిందేంటి బావా?" అన్నాడు వాడు, ఇంకా నవ్వుతూనే.

"టేపు కాదురా. నువ్వు."

ముప్పై ఎనిమిది దగ్గర, నీళ్లలో మునిగినవాడు పైకి తేలినట్టు ఒక్క ఎగశ్వాస మైకులో పేలింది. ఎవరూ నవ్వలేదు. "రోజూ ఇంతేనండి అన్నయ్యగారూ. చెబితే వినరు" అని వాడి భార్య బకెట్టు కింద పెట్టేసి ఏడ్చింది.

ఆ వారమే వాణ్ని మా డాక్టరు దగ్గరికి తీసుకొచ్చారు. నాకంటే ముదిరిందన్నాడు. అదే బల్ల, అదే కత్తి. నేను పరామర్శకెళ్లి, వాడి ఎదురుగా కూర్చుని వేడివేడి మిరపకాయ బజ్జీలు ఆరు తిన్నాను. వాడు పలక మీద రాసింది ఇక్కడ రాయదగింది కాదు. వాడి భార్య మాత్రం "నా పసుపుకుంకాలు నిలబెట్టారు అన్నయ్యగారూ" అని నా కాళ్లకు దణ్ణం పెట్టింది.

ఇక ఒప్పుకోవాలి. ఇందులో ఒక్క ముక్క కల్పించాను. బాపట్ల స్టేషను కాదు, బావిలో నీళ్లు పోసిన మోటారు కాదు, విడివిడిగా వచ్చిన పాలూ డికాక్షనూ కాదు. వాటి మీద ఇంకో ఒట్టు కూడా వేస్తాను.

టేపు వినలేదన్నాను చూశారా, అది అబద్ధం. ఆ సాయంత్రమే మొత్తం విన్నాను. రెండుసార్లు. ఆ ముప్పై ఎనిమిదీ అప్పుడే లెక్కపెట్టాను. అదేమిటో తెలిసినవాణ్ని. ఒక్క మాట చెబితే మర్నాడే డాక్టరు దగ్గర ఉండేవాడు. చెప్పలేదు. చెబితే మైకులో వేయడానికి నాకేం మిగులుతుంది? నెలన్నర పాటు వాడు రేపల్లెలో రోజూ వెల్లకిలా పడుకున్నాడు, నేను తెనాలిలో గృహప్రవేశం ముహూర్తం కోసం ఎదురుచూశాను.

ఇప్పటికీ కనబడితే చాలు, ఆ పిల్ల నా కాళ్లకు వంగుతుంది. నేను కాళ్లు వెనక్కి లాక్కుంటాను. వినయం అనుకుంటుంది.