సంగయ్య కట్టిన జోడు సైకిళ్లు

"కండ్లు కనవడనోనికి సైకిలేందే సంగన్నా, సంపుతవా ఏంది?" అని పాశమైలారం మెకానిక్ సంగయ్యను చాయ్ దుకాణంవాడు అడిగాడు. అది పంతొమ్మిది వందల తొంభైనాలుగు. సంగయ్య రెండు పాత సైకిళ్లను కోసి, ఇద్దరు తొక్కేలా ఒక్కటిగా వెల్డింగ్ చేస్తున్నాడు. రసాయనాల ఫ్యాక్టరీలో డ్రమ్ములు కడిగే దేవసహాయానికి చూపు మసకబారింది. ముందు సీటులో భార్య సుకుమారి దారి చూస్తుంది, వెనక అతను తొక్కుతాడు. చూపు తగ్గిందని గేటు దగ్గర అనుమానం రాదు, పని పోదు.

దీన్ని దాంపత్యమని మెచ్చుకున్నవాళ్లున్నారు. మెచ్చుకోలుకేం, ఖర్చు లేదు. ఏడాది తిరక్కముందే ఫ్యాక్టరీలో డ్రమ్ములు కడిగే ఆ షెడ్డు నుంచే ఇంకో ఇద్దరు అలాంటి సైకిలే చేయించుకున్నారు. నాలుగోవాడు మొగులయ్య. అడ్వాన్సు ఇచ్చి, పని ఎంతవరకొచ్చిందో కనుక్కుందామని గోడ తడుముకుంటూ వచ్చాడు.

"ముందట ఎవరు తొక్కుతరే?" అన్నాడు సంగయ్య.

"నా బిడ్డ. ఆమెను గూడ గా షెడ్డులనే పెట్టిచ్చిన. ఇద్దరం కలిసే పోతం."

సంగయ్య వెల్డింగ్ ఆపాడు. "పిల్లను ఆడ మాన్పియ్యి. గప్పుడు కడత."

"మాన్పిస్తే తినుడెట్ల? నీ నీతులు నీ కాడనే పెట్టుకో."

మర్నాటి నుంచి మొగులయ్య కూతురి చెయ్యి పట్టుకొని నడుచుకుంటూనే షిఫ్టుకు పోయాడు. ఎండాకాలం నాటికి ఆ పిల్ల కూడా కళ్లు చికిలించడం సంగయ్య చూశాడు. సగంలో ఆగిన సైకిలుకు తీసుకున్న అడ్వాన్సు రెండు వందలు ఆయన మొగులయ్యకు ఇంకా బాకీ.