వీశె గుండు కొలిచిన బోరు

రాసుకో పాపా, మధ్యలో నన్ను ఆపొద్దు. మా ఇంట్లో ఏదీ ఒక్క కొలతలో ఉండేది కాదు. చేను ఎకరాల్లో, శనక్కాయలు కిలోల్లో. రవికె గుడ్డ అంగట్లో మీటర్లు, అదే గుడ్డ దర్జీ దగ్గరికి పోతే అంగుళాలు. సంసారం బాగనే నడుస్తాండె. మీ తాత బోరు వేసిందాక ఎవురికీ ఇబ్బంది రాలేదు.

ఆ ఏడు శనక్కాయ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసె. వారం లోపల ఒక్క తడి ఇయ్యకపోతే ఊడలు నేలలోకి దిగవు, కాయ ఉండదు, ఇంక పశువులకు మేతే. మీ తాత రిగ్గు బండి పిలిపించి రెండొందల అరవై అడుగులు బోరు వేయించినాడు. రెండొందల కాడ నీళ్లు పడె. అడుగున బురద ఉంటుంది, ఇరవై అడుగులు పైన్నే మోటరు యాలాడదీయమని రిగ్గాయన చెప్పిపాయె. అంటే రెండొందల నలభై.

పైపుకు మీ తాత టౌనుకు పోయినాడు. "ఎన్ని మీటర్లు?" అని అడిగినాడంట అంగడాయన. తెలీదంటే పరువు పోతుంది కదా. గుడ్డ కొనేకాడ మేము మీటరును గజమనే అంటాంటిమి, గజమంటే మూడడుగులు. "ఎనభై మీటర్లు కొట్టు" అని వచ్చినాడు, తెలివిగా.

మోటరు దించినారు. దించగా దించగా, పైన బారెడు పైపు మిగిలె. "అంగడాయన మంచోడు, కొసరేసినాడు" అన్నాడు మీ తాత. స్విచ్చి వేస్తే బిందెడు ఎర్రబురద వచ్చి ఆగిపాయె.

మోటరు బయటికి లాగి పైపు చేనంతా పరిచినారు. బోరు ఎండిపాయె, రేపు రిగ్గును ఇంకో తావుకు పిలుస్తా అంటాడు మీ తాత. అంతలో మా తమ్ముడు వచ్చినాడు, బళ్లో లెక్కల అయివారు.

"బావా, అడుగులెప్పుడో పోయినాయి. మీటర్లలో చెప్పు, ఆలోచిస్తా."

"అడుగంటే మనిషి కాలప్పా. మీటరు ఎవురి కాలు?"

"ఎవురి కాలూ కాదు. భూమిని కొలిచి పెట్టినారు."

"ఎవురి భూమి? మన భూమిని ఎకరాల్లో కొలుస్తారే."

రెండు దినాలు ఇదే. మంచం మీద వాళ్లు మజ్జిగ తాగుతాంటే, చేలో చెట్లు తలకాయలు వాల్చినాయి.

నాకు ఆ బారెడు కొసరు మనసులో గుచ్చుకుంటాండె. ఆ అంగడాయన గుప్పెడు మేకులు కూడా ఊరికే ఇయ్యడు. బావి తాడుకు ఎద్దుల పలుపులన్నీ ముడేసినా. కిలోలొచ్చినాక పనిలేక తలుపుకు అడ్డం పెట్టుకున్న వీశె గుండు ఒకటి ఉండె. దాన్ని కొసకు కట్టి బోరులోకి దించినా.

"ఏమే, గుండు తెగి పడితే బోరు పాయె."

"ఎండిపోయిన బోరే కదా" అంటి.

తాడు వదులాయె, గుండు అడుగు తాకింది. మూతి కాడ ముడి వేసి పైకి లాగితే, గుండంతా బురద. దాని పైన పది బారల తాడు తడిసి ఉండాది. నీళ్లు లేకపోతే అది యాడ తడిసె? తాడును పైపు పక్కనే పరిచినా. పైపూ మోటరూ కలిసి తాడు కంటే బారెడు పొడుగు.

"బోరు ఎండలేదు. మోటరును నువ్వే బురదలో కూచోబెట్టినావు."

మా తమ్ముడు అరచేతి మీద వేలితో లెక్క వేసినాడు. "ఎనభై మీటర్లంటే రెండొందల అరవై రెండడుగులు బావా. మీటర్లలో కొన్నానని ముందే చెప్పుంటే..."

"నీకు చెప్పాల్నా?" అన్నాడు మీ తాత. ఆ మాట రాయి, కొట్టేయొద్దు.

ఇంక పైపు ఎంత కోయాలని మొదలుపెట్టినారు. ఇరవై అడుగులంటాడు ఒకడు, ఆరు మీటర్లంటాడు ఒకడు. రెండూ ఒకటేనని ఇద్దరికీ తట్టలేదు. నేను నా చేతులు చాపి బురదకు నాలుగు బారలు, కొసరుకు ఒకటి, మొత్తం ఐదు బారలు కొలిచి కోయించినా. మోటరు కడిగి దించినారు. నీళ్లు వచ్చె.

చేను నిలబడె. ఆ చివర నాలుగు సాళ్లు మాత్రం వాళ్ల వాదనకు ఎండిపాయె. పీకేటప్పుడు ఆ సాళ్లు మీ తాత చేతనే పీకించినా. చెట్టు చెట్టూ తిరగేసి చూసినాడు, ఒక్క కాయ లేదు. గట్టు మీద నుంచి మా తమ్ముడు, "ఎంత పొడుగుంటాయి బావా ఈ సాళ్లు?" అని అడిగె.

మీ తాత చేతిలో చెట్టు కింద పడేసి, చేతులు చాపి బారలు కొలవను మొదలుపెట్టె.