మిద్దె అంచున చేపల వల

నా చిన్నప్పుడు మా ఊళ్లో సెల్ ఫోను పలకాలంటే ఎక్కడో ఒక ఎత్తు ఎక్కాల్సిందే. గుండుగొలనుకు కాస్త లోపలగా ఉండే పల్లె మాది. సిగ్నలు హైవే దాకా వచ్చి, అక్కడి నుంచి మా ఊరికి రావడానికి బద్ధకించేది. ఊళ్లో సెల్లున్న నలుగురూ దాన్ని పట్టుకుని గడ్డిమేటు మీదో, నీళ్ల ట్యాంకు మెట్ల మీదో నిలబడి "హలో హలో" అని అరుస్తుండేవారు. ఆ కేకలకు ఫోను అక్కర్లేకుండానే అవతలివాళ్లకు వినపడేదేమో అనిపించేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా పెంకుటిల్లు తీసేసి డాబా వేయడం మొదలుపెట్టారు. స్లాబు పడింది. పైన గది గోడలు లేస్తున్నాయి. పిట్టగోడ మాత్రం ఇంకా లేదు. అది ఆఖర్న చేసే పని అని తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన తాపీ మేస్త్రీ చెప్పాడు. ఆయన మనుషులు ఆ బోడి అంచుల మీద పెరట్లో తిరిగినంత తేలిగ్గా తిరిగేవారు. మా పక్కింటి అక్క కూడా అక్కడే తట్టలు మోసే పనికి వచ్చేది. తల మీద సిమెంటు తట్ట పెట్టుకుని, వెనకున్నావిడతో కబుర్లు చెబుతూ, కిందికి చూడకుండా అంచు పక్క నుంచే వెళ్లిపోయేది.

మా తాతయ్య సంగతి చెప్పనక్కర్లేదు. హైస్కూల్లో డ్రిల్ మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం వదిలినా మెడలో విజిలు వదల్లేదు. పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి మిద్దెక్కి, పనివాళ్లకు పని చెబుతూ ముందుకూ వెనక్కూ పచార్లు చేసేవాడు. జాగ్రత్తండీ అని ఎవరైనా అంటే ఆయనకు కోపం వచ్చేది. ఊళ్లో సగం మందిని ఒంటికాలి మీద నిలబెట్టిన తనకే కాళ్ల గురించి చెబుతారా అని ఆయన బాధ.

ఈ మొత్తం వ్యవహారంలో భయపడే మనిషి మా మామ్మ ఒక్కతే. మామ్మ పుట్టిల్లు కొల్లేటి లంకలో. దోనె మీద నిలబడి వల విసిరేవాళ్ల ఇంట్లో పుట్టింది కాబట్టి నీళ్లంటే లెక్కలేదు, ఎత్తంటే మాత్రం ఆవిడకు అరికాళ్లు జలదరించేవి. "నీళ్లలో పడితే ఈదుకుంటూ రావచ్చు. గాల్లో పడితే ఏం ఈదుతామండీ?" అని మేస్త్రీని అడిగేది. అంచుల చుట్టూ సరుగుడు కర్రలు అడ్డం కట్టమని రోజూ చెప్పేది. మిద్దె కట్టుకునేవాడు పిట్టగోడ కట్టుకోవాలని బైబిల్లో దేవుడు ఆ కాలంలోనే చెప్పాడనీ, గోడ వచ్చేదాకా కర్రలైనా ఉండాలనీ ఆవిడ వాదన. మేస్త్రీ మంచివాడే. "అలాగేనమ్మగారూ, రేపు కట్టేద్దామండీ" అనేవాడు. రేపు అనే మాటను అంత మర్యాదగా పలికే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మామ్మ ఒక ఉపాయం చేసింది. ఒకరోజు మట్టి దాకలో కొర్రమేను పులుసు పెట్టింది. ఆ వాసనకు పైన తాపీలు వాటంతట అవే ఆగిపోయాయి. మధ్యాహ్నం అందరూ చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంటే, మామ్మ దాక మీద మూత తియ్యకుండా, ముందు అంచుల చుట్టూ అడ్డం కట్టి రమ్మంది. వాళ్లు పరుగున పైకి వెళ్లి, పరుగున తిరిగొచ్చి, కట్టేశామన్నారు. మామ్మ పెరట్లోకి వెళ్లి తలెత్తి చూసింది. మిద్దె చుట్టూ పురికొస కట్టి ఉంది. మేం చూస్తుండగానే దాని మీద కాకి వాలితే, అది ఉయ్యాలలా కిందికి వేలాడింది.

మామ్మ లోపలికొచ్చి అందరికీ అన్నం పెట్టి పులుసు పోసింది. ముక్క మాత్రం ఒక్కరికీ వేయలేదు. మేస్త్రీ విస్తట్లో వేలు పెట్టి వెతుక్కుంటుంటే, "తాడుకు తగ్గ పులుసండీ" అంది.

అంతలో మా బాబాయి ఏలూరు నుంచి సెల్లు తెచ్చి తాతయ్య చేతిలో పెట్టాడు. ఇల్లు కట్టే మాటలన్నీ ఇక ఫోన్లోనే మాట్లాడుకోవచ్చన్నాడు. తాతయ్య దాన్ని పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. ఎక్కడా పలకలేదు. మిద్దె ఎక్కితే, వెనక పెరటివైపు మూలన, అంచుకు జానెడు ఇవతల సిగ్నలు దొరికింది. అక్కడొక్కచోటే.

పోనీ ఆ మూల నిలబడి మాట్లాడతాడా అంటే, నిలబడి మాట్లాడటం ఆయన జన్మలో ఎరగడు. నాలుగడుగులు ముందుకు వేస్తే మాట తెగిపోయేది. "హలో?" అంటూ వెనక్కి నడుచుకుంటూ వచ్చేవాడు. మడమలు అంచుకు తగిలేవి. వినపడగానే సంతోషంతో మళ్లీ ముందుకు. ఒకసారి మామ్మ పెరట్లో అంట్లు తోముతూ తలెత్తి, ఆయన మడమలు గాల్లోకి ఉండటం చూసింది. కేక వేస్తే ఉలిక్కిపడి వెనక్కి అడుగేస్తాడని నోరు గట్టిగా నొక్కుకుని కూర్చుంది. ఆయన ముందుకు కదిలాక మాత్రమే ఊపిరి వదిలింది. ఆ సాయంత్రం ఆవిడ బతిమాలితే తాతయ్య నవ్వి, విజిలు ఊది, ఒంటికాలి మీద నిలబడి చూపించాడు.

మర్నాడే మామ్మ బస్సెక్కి పుట్టింటికి పోయింది. సాయంత్రానికి తమ్ముడిని వెంటబెట్టుకుని వచ్చింది. మేం ఆయన్ని కొల్లేటి తాతయ్య అనేవాళ్లం. ఆ ఏడు కొల్లేట్లో సరస్సును ఆక్రమించారని చేపల చెరువుల గట్లు ప్రభుత్వం వాళ్లు కొట్టేశారు. ఆయన వలలన్నీ పని లేకుండా పాకలో పడి ఉన్నాయి. వాటిలో ఒకటి, చెరువు ఆ చివర్నుంచి ఈ చివరికి లాగే లావుపాటి నైలాను వల, ఆటోలో వేసుకుని దిగాడు. ఏం చెయ్యాలో మామ్మ దారిలోనే చెప్పినట్టుంది. పెరట్లో రెండు కొబ్బరి చెట్లకూ, మిద్దె స్తంభాలకూ మోకులతో బిగించి, ఆ మూల అంచు కింద వలను రెండు మడతలుగా కట్టేశాడు. పైకెక్కి తౌడు బస్తా ఒకటి దొర్లించి చూశాడు. బస్తా వలలో పడి, ఒకసారి ఎగిరి, బుద్ధిగా పడుకుంది.

వీధి వీధంతా చూడటానికి వచ్చింది. మాస్టారింట్లో ఆకాశంలో చేపలు పడుతున్నారని ఊరంతా ఒకటే నవ్వు. మేస్త్రీ కూడా నవ్వాపుకోలేక తల తిప్పుకున్నాడు. తాతయ్యకు మాత్రం తల కొట్టేసినట్టయింది. తీసెయ్యమన్నాడు. మామ్మ విననట్టే ఊరుకుంది. ఊరికి వెళ్లిపోయిన బావమరిది కట్టిన ముడులు విప్పబోయి, ఏ కొస ఎటు పోయిందో తెలియక ఆయనే వదిలేశాడు.

రెండు రోజులు గడిచాయి. నేను పెరట్లో కోళ్లకు నూకలు వేస్తున్నాను. పైన తాతయ్య, గుమ్మాలకు వేప కర్ర చాలని బాబాయితో వాదిస్తున్నాడు. బాబాయి టేకు అన్నట్టున్నాడు. తాతయ్య కోపంగా నాలుగడుగులు ముందుకు వేశాడు. మాట తెగింది. "హలో… ఇప్పుడు వినపడుతోందా? … ఇప్పుడో?" అంటూ వెనక్కి వచ్చాడు. ఇంకొక్క అడుగు వేశాడు. అక్కడ మిద్దె లేదు.

మిద్దె మీద పక్కింటి అక్క కెవ్వున అరిచింది. నాకు కనపడింది మాత్రం ఆకాశంలో విచ్చుకున్న గళ్ల లుంగీ. మరుక్షణం కొబ్బరి చెట్లు రెండూ ఒకదానికొకటి నమస్కారం పెట్టుకున్నట్టు వంగి లేచాయి. ఒక ఎండు మట్ట రాలింది. కోళ్లు చెల్లాచెదురయ్యాయి. ఆ తర్వాత చప్పుడు లేదు. మిద్దె మీద ఎవరూ కదల్లేదు.

వలలోంచి తాతయ్య గొంతు వినపడింది. "ఆఁ… ఇప్పుడు బాగా వినపడుతోందిరా."

నిజంగానే అక్కడ సిగ్నలు బ్రహ్మాండంగా ఉంది. బాబాయి మాట కింద నా దాకా వచ్చింది. "ఎక్కడున్నారు నాన్నా? పక్కన నిలబడి మాట్లాడినట్టుంది!"

"పెరట్లోనేలే," అని ఫోను పెట్టేశాడు తాతయ్య.

మామ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. కొబ్బరి చెట్టు పట్టుకుని తలెత్తి, "ఏవండీ, దెబ్బేమైనా తగిలిందా?" అంది. లేదన్నాడు. కాళ్లూ చేతులూ కదిపి చూడమంది. కదిపాడు. "అయితే సరేనండీ" అని, ఆవిడ అక్కడికక్కడే మట్టిలో కూలబడిపోయింది. నేను చెంబుతో నీళ్లు తెచ్చిస్తే పట్టుకోలేకపోయింది. అప్పటిదాకా నాకూ నవ్వొస్తోంది. అది చూశాక ఆగిపోయింది. వల లేకపోతే తాతయ్య ఎక్కడ పడేవాడో అప్పుడు చూశాను. సరిగ్గా కింద మామ్మ బట్టలుతికే రాయి ఉంది.

తాతయ్యను దింపడం ఇంకో ప్రహసనం. కాలివేళ్లు వల కళ్లలో ఇరుక్కున్నాయి. ఒకటి తీస్తే ఇంకొకటి. నిచ్చెన వేశారు. వీధంతా పోగైంది. ఎవరో ఆగలేక, "ఏం చేపండీ మామ్మగారూ?" అని అడిగేశారు. మామ్మ కళ్లు తుడుచుకుంటూనే, "ముసలి కొర్రమేనండీ. ఎంత చెప్పినా వినదు" అంది. ఈసారి తాతయ్య కూడా నవ్వాడు.

అందరూ నవ్వుతుంటే, మెట్లు దిగి వచ్చిన పక్కింటి అక్క మాత్రం నవ్వలేదు. తల మీది తట్ట మిద్దె మీదే పడిపోయింది, చీరంతా సిమెంటు. వల వైపే చూస్తూ మెల్లగా అడిగింది. "అయ్యగారు తిరిగే మూలకి కట్టారు, బాగుందండీ. మేం తట్టలు మోసేది అటువైపు కదా మామ్మగారూ. మేం పడితేనండీ?"

అందులో నిష్ఠూరం లేదు. తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది. కానీ మామ్మ ముఖంలో రంగు పోయింది. ఇన్నాళ్లూ అందరి గురించీ మొత్తుకున్న మనిషి, తీరా వల తెచ్చేసరికి ఒక్క మనిషినే చూసుకుంది. ఆ సంగతి ఆవిడకు అప్పుడే తట్టినట్టుంది. అక్క చెయ్యి పట్టుకుని, "నిజమేనే తల్లీ" అంది.

లేచి తాతయ్య చేతిలోంచి సెల్లు తీసుకుంది. అంతవరకు దాన్ని ముట్టుకుని ఎరగదు. కొల్లేటి తాతయ్య ఊళ్లో కొట్టువాడి నంబరు నొక్కించుకుని, నిచ్చెన నాలుగు మెట్లెక్కి వల పక్కన నిలబడి, తమ్ముణ్ణి పిలిపించి, "ఒరేయ్, ఉన్న వలలన్నీ పట్రారా" అని కేక వేసింది. ఆ కేకకు చెట్టు మీద కాకులు లేచిపోయాయి. ఫోను పెట్టేశాక కూడా ఇంకోసారి కొల్లేటి దిక్కుకు తిరిగి, "పొద్దున్నే!" అని అరిచింది.

పొద్దున్నే వచ్చాయి. కొబ్బరి చెట్లు లేని వైపు బొంగులు పాతి కట్టారు. మేస్త్రీ ఆ రోజు సిమెంటు కలపక ముందే, ఎవరూ చెప్పకుండానే, సరుగుడు కర్రలు తెప్పించి నాలుగు వైపులా నడుమెత్తున అడ్డం బిగించాడు. మామ్మ పైకి వెళ్లలేదు గానీ, నన్ను పంపించి, వాటి మీద వాలకుండా చేత్తో ఊపి చూసి రమ్మంది. కదల్లేదని చెప్పాను. ఆ మధ్యాహ్నం పులుసులో తలకాయ ముక్క మేస్త్రీ విస్తట్లో పడింది.

తాతయ్యకు కొత్త ఉద్యోగం దొరికింది. మిద్దె మధ్యలో కుర్చీ వేసుకుని, అంచు దగ్గరికి ఎవరు పోయినా విజిలు ఊదేవాడు. ఆ పోరు పడలేకే పిట్టగోడ తొందరగా పూర్తయిందని మేస్త్రీ తర్వాత చెప్పుకున్నాడట. ఇల్లు పూర్తయ్యేదాకా ఆ వలల్లో రెండు ఇటుకలు, ఒక తాపీ, మా పిల్లి తప్ప ఇంకేమీ పడలేదు. పోతూ పోతూ మేస్త్రీ, ఒక వల తనకిస్తారా అని మొహమాటంగా అడిగాడు. తాడేపల్లిగూడెంలో రెండంతస్తుల పని ఒప్పుకున్నాడట. కొల్లేటి తాతయ్య ఉన్నవాటిలో గట్టిది ఏరి ఇచ్చాడు.

వలలో పడిన వారం, ఆదివారం నాడు చర్చిలో తాతయ్య లేచి సాక్ష్యం చెప్పాడు. పడిపోతున్న తనను దేవుడు గాలిలోనే పట్టుకున్నాడని గద్గదంగా చెప్పాడు. అందరూ తలలూపుతున్నారు. ఆడవాళ్ల వైపు నుంచి మామ్మ గొంతు స్పష్టంగా వినపడింది. "ముందు వల కట్టించాడండీ. అది కూడా చెప్పండి."

ఇప్పుడు మామ్మ లేదు, తాతయ్యా లేడు. నేను ఏలూరులో అపార్టుమెంట్లో ఉంటున్నాను. పోయిన వేసవిలో మా బిల్డింగుకు రంగులు వేయడానికి ఒకాయన వచ్చి, నడుముకు ఏమీ లేకుండా పైనుంచి దిగబోతున్నాడు. తాడేదండీ అని అడిగాను. ఏం కాదండీ, అలవాటే అన్నాడు. అయితే తాడు వచ్చేదాకా కూర్చోండి అని కుర్చీ వేసి టీ ఇచ్చాను. మా అబ్బాయి సిగ్గుతో లోపలికి పోయాడు. సెక్రటరీ గారు పని ఆలస్యమవుతోందని విసుక్కున్నారు. ఆ రంగులాయనకైతే నేనొక పిచ్చిదాన్నని అనిపించే ఉంటుంది. ఇంకో టీ ఇచ్చాను. ఆయనతో వచ్చిన రెండో మనిషికి కూడా తాడు కావాలన్నాను. మధ్యాహ్నానికి రెండు తాళ్లూ వచ్చాయి.

సాయంత్రం ఆ ఇద్దరూ కిందికి దిగి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, సైకిళ్లెక్కి ఇళ్లకు వెళ్లిపోయారు. వాళ్లు మలుపు తిరిగేదాకా బాల్కనీలోంచి చూసి, నేను లోపలికి వచ్చాను.