లేత్ బెడ్డుకు పూసిన రంగు

మా మేనమామ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో ఇరవై ఆరేళ్ళు ఇనుము చెక్కే లేత్ యంత్రానికి మెకానిక్‌గా పనిచేశాడు. వెంట్రుకవాసి తేడాను కూడా వేలితో తడిమి చెప్పేస్తాడని పిల్లలు ఆయన్ని మైక్రోమీటర్ అంటారు. తొమ్మిదిలో బడి మానేసిన నేను అక్కడే ఇనుప రజను ఊడ్చేదాన్ని.

వర్క్‌షాపును ఉంచాలా, మూసేసి ఆ షెడ్డును సెమినార్ హాలు చేయాలా తేల్చడానికి పాలకమండలి వస్తోందని కబురొచ్చింది. ఆ ఏడుగురిలో చేతికి గ్రీజు అంటినవాడు ఒక్కడూ లేడు. ప్రిన్సిపాల్ వెంటనే యంత్రాలన్నిటికీ రంగు వేయించమన్నాడు.

"బెడ్డు మీద వద్దు సార్. ఉలిని మోసే క్యారేజీ జారేది ఆ పట్టాల మీదే. నూనె తప్ప ఇంకేదీ తగలకూడదు," అన్నాడు మామయ్య.

"నాకే పాఠం చెబుతున్నావా? పైనుంచి కిందిదాకా మెరవాలంతే!"

పెయింటర్లు బెడ్డుకు రెండు పూతలు పూశారు. ఆదివారం మామయ్య గీకేద్దామని వెళ్తే, తాళంచెవి ప్రిన్సిపాల్ ఇంట్లో ఉందన్నారు.

సోమవారం మండలి అధ్యక్షుడు లేత్ ముందు ఆగాడు. "భలే ఉందే! ఓసారి నడపండి."

మామయ్య మోటారు వేశాడు. ఇనుపముక్కను పట్టే చక్ గిర్రున తిరిగింది. క్యారేజీ మాత్రం ఉన్నచోటే బిగుసుకుపోయింది.

"పైన పటారం, లోన తుప్పు," ఒకాయన నవ్వాడు.

"మెకానిక్ నిర్లక్ష్యం సార్. ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కదు," అన్నాడు ప్రిన్సిపాల్, రెప్పయినా వేయకుండా.

వెనక నిలబడ్డ నలుగురు లెక్చరర్లూ పెయింట్ డబ్బాలను కళ్ళారా చూసినవాళ్ళే. ఒక్కరి నోరూ పెగల్లేదు. నాదీ పెగల్లేదు.

సాయంత్రం ఆఫీసు సూపరింటెండెంట్ టైపు చేసిన కాగితం తెచ్చాడు. 'నా అజాగ్రత్త వల్లే యంత్రం చెడిపోయింది' అని ఉంది అందులో.

"గిలికెయ్ అన్నా. షెడ్డు ఎలాగూ పోయినట్టే. నీ ఉద్యోగమైనా మిగులుతుంది."

"అబద్ధం కింద నా పేరా?"

మామయ్య ఆ వాక్యం కొట్టేసి, 'బెడ్డుకు రంగు పూయించింది ప్రిన్సిపాల్. వద్దన్నది నేను' అని రాసి సంతకం చేశాడు.

దాన్ని ఎవడూ చదవలేదు. సంతకం ఉందో లేదో చూసి ఫైల్లో పడేశారు. మండలి తీర్మానంలో 'మెకానిక్ తప్పు ఒప్పుకున్నాడు' అని అచ్చయింది. వర్క్‌షాపు మూతపడింది. కాబోయే ఇంజనీర్లు ఇప్పుడు లేత్‌ను నల్లబల్ల మీద బొమ్మగా చూస్తున్నారు. మామయ్యను గేటు దగ్గర కూర్చోబెట్టారు.

తను రాసిన కాగితం నకలు ఇమ్మని ఆయన ఐదు అర్జీలు పెట్టాడు. ఒక్కదానికీ జవాబు లేదు. నిన్న ఆరోది నాచేత రాయించాడు.

"మెత్తగా రాయకే," అన్నాడు.

రాయలేదు.